రామగిరి దిక్కు లెక్కల ట్యూషన్: పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు

నల్గొండల రామగిరి దిక్కు ఒక ఇంటి మేడ మీద నడిచే లెక్కల ట్యూషన్ గురించి రాస్తున్న. బోర్డు లేదు, ఫ్లెక్సీ లేదు. రిటైరైన గవర్నమెంటు స్కూలు సార్ ఒక్కరే చెప్తరు. నెలకు 800. మా బిడ్డ జూన్ నుంచి పోతోంది.

తొమ్మిదిల ఉన్నప్పుడు ఆమె స్కూల్ల మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టిన్రు. చివరి సెక్షన్ల పడ్డంక "నాకు లెక్కలు రావు మమ్మీ" అనుడు మొదలైంది. పేపర్ చేతికి రాంగనే పెద్ద లెక్కలు చదవకుండనే వదిలేసేది. ఒకసారి ఫంక్షన్ హాల్ల మోటివేషన్ క్లాసుకు తోలిన. ఆ పొద్దు చప్పట్లు కొట్టి, ఏడ్చి, మస్తు హుషారుగ ఇంటికొచ్చింది. తెల్లారి పుస్తకం తెరిస్తే అదే లెక్క, అదే భయం.

ఈ సార్ దగ్గర "నువ్వు చేయగలవు" అన్న మాట తక్కువే వినబడుతది. శ్రేఢుల పాఠం నడిచేటప్పుడు నేను అక్కడే మెట్ల మీద కూసున్న. 4, 7, 10... ఇట్ల పోతే 20వ పదం ఎంత? మా బిడ్డ 20ని 3తో గుణించి, 4 కలిపి 64 అని రాసింది. సార్ కొట్టివేయలే. "రెండో పదానికి 3 ఎన్నిసార్లు కలిపినవ్ బిడ్డా?" అన్నరు. ఒక్కసారి. "మూడోదానికి?" రెండుసార్లు. ఇగ ఆయన ఏమీ అనలే, పక్క పిల్లగాని నోట్సు చూడబోయిన్రు. ఆమె పెన్ను నోట్లో పెట్టుకొని కొంచెంసేపు ఉండి, 64 కొట్టేసి 19 సార్లు కలిపి 61 అని రాసింది. రాసి నా దిక్కు చూసింది. ఆ చూపు కోసం 800 కాదు, ఇంకెంతైనా ఇస్తనని అనిపించింది.

నేను బీఎడ్ చదివిన. ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు 1977లో రాసిన సిద్ధాంతం ఒకటి అందుల ఉంటది. నా వల్ల అయితదన్న నమ్మకం నాలుగు దారుల వస్తదంటరు ఆయన: తానే చేసి గెలిచిన అనుభవం, తనలాంటి వాళ్ళు చేయంగ చూసుడు, నమ్మే మనిషి చెప్పే మాట, ఇగ గుండె దడ, చేతుల వణుకు వచ్చినప్పుడు దాన్ని మనం ఏమని అనుకుంటమన్నది. అన్నిట్ల మొదటిదే గట్టిది. సార్ నోట ఈ పేరు నేను వినలే గానీ ఆయన గదిల నాలుగూ నడుస్తున్నయి. ఆదివారం పోయినేడు పది పాసై ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్న అమ్మాయి వచ్చి లెక్కలు చేయిస్తది. ఫస్ట్ ర్యాంకు పిల్లను పిలవరు. ఒకప్పుడు మా బిడ్డ తీరుగనే గింజుకున్న పిల్లను పిలుస్తరు. మెచ్చుకున్నా ఊరికే గుడ్ అనరు, "ఈ మెట్టు బాగ పట్టినవ్" అని వేలు పెట్టి చూపిస్తరు. టెస్టు రోజు చేతులు వణికితే భయపడొద్దు, ఒళ్ళు తయారైతున్నదనుకో, వచ్చిన లెక్కతోనే మొదలువెట్టు అంటరు.

లోపాలున్నయి. గది ఇరుకు, ఒక్కటే ఫ్యాన్, ఎండకాలం కష్టం. సిలబస్ నెమ్మది, ఎస్ఏ-1 (స్కూల్ల పెట్టే మొదటి పెద్ద పరీక్ష) నాటికి స్కూల్ల అయిన రెండు పాఠాలు ఇక్కడ మొదలే కాలే, ఇంటికాడ నేను చెప్పుకోవాల్సి వచ్చింది. ముందే చురుగ్గ ఉండి ఐఐటీ ఫౌండేషన్ కావాలనుకునే పిల్లలకు ఇక్కడ విసుగొస్తది, వాళ్ళను వేరేకాడ చేర్పించండి. లెక్కలు తప్ప ఇంకేం చెప్పరు.

ఎస్ఏ-1ల మా బిడ్డకు వచ్చిన మార్కులు గొప్పవేం కావు, పాస్ కంటే కొంచెం పైన. కానీ పేపర్ల ఒక్క లెక్క కూడా ఖాళీగ లేదు. త్రిభుజాల లెక్క తప్పు, అయినా మూడు మెట్లు రాసింది, వాటికి మార్కులు పడ్డయి.

లెక్కలంటే మొఖం తిప్పుకునే పిల్లలుంటే చేర్పించండి. దసరా తర్వాత సీట్లు ఉండయి. అడగనీకి పోయినప్పుడు పిల్లలను వెంట తీస్కపోండి, సార్ మనతోని రెండు ముచ్చట్లే మాట్లాడుతరు, మిగతాదంతా వాళ్ళతోనే.