మైల్స్ టికెట్‌కి విడిగా కొన్న డొమెస్టిక్ టికెట్ అతికించి "కనెక్షన్" అంటున్నారు, వైజాగ్ వాళ్ళు జాగ్రత్త

విశాఖ నుంచి అమెరికాకో యూరప్‌కో మైల్స్ టికెట్ మీద, అంటే విమాన ప్రయాణాల మీద, క్రెడిట్ కార్డు మీద పోగైన పాయింట్లతో తీసుకున్న టికెట్ మీద వెళ్తున్నవాళ్ళు, ముఖ్యంగా పెద్దవాళ్ళను పిల్లల దగ్గరికి పంపిస్తున్నవాళ్ళు ఇది పూర్తిగా చదవండి. ఢిల్లీ నుంచో ముంబై నుంచో మైల్స్‌తో తీసుకున్న టికెట్ ఒకటి. వైజాగ్ నుంచి అక్కడిదాకా డబ్బు పెట్టి కొన్న టికెట్ ఇంకొకటి. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద ప్రింటు తీసి, "అంతా ఒకటే ప్రయాణమండీ, కనెక్షన్ ఉంది" అని చెప్పే ఏజెంట్లు మన ఊళ్ళో ఉన్నారు. ఆ మాట అబద్ధం. ఆ మాట నమ్మినందుకు మా అమ్మానాన్న ఒక రాత్రంతా ఢిల్లీ ఎయిర్‌పోర్టు కుర్చీల్లో గడిపారు. మా బావ ఏళ్ళ తరబడి కూడబెట్టిన మైల్స్ పోయాయి, వాటితో పాటు తిరుగు టికెట్లూ పోయాయి.

జరిగింది చెప్తాను. డాలస్‌లో మా అక్కకి డెలివరీ. అమ్మానాన్న వెళ్ళాలి. బావ దగ్గర క్రెడిట్ కార్డు మీద, ఆఫీసు ప్రయాణాల మీద వచ్చిన మైల్స్ చాలా ఉన్నాయి. ఆ తేదీల్లో హైదరాబాద్ నుంచి ఇద్దరికీ సీట్లు దొరకలేదు, ఢిల్లీ నుంచి దొరికాయి. ఆ టికెట్లు బావే అక్కడి నుంచి బుక్ చేశారు. వైజాగ్–ఢిల్లీ టికెట్ల పని ద్వారకానగర్‌లో ఒక ట్రావెల్ ఆఫీసుకి ఇచ్చాం. బావ పంపిన టికెట్ వాళ్ళకి చూపించి నేను రెండే అడిగాను. టైమ్ సరిపోతుందా? లగేజీ నేరుగా వెళ్తుందా? "నాలుగున్నర గంటల గ్యాప్ ఉందండి. లగేజీ ఇక్కడ వేస్తే డాలస్‌లో తీసుకోవడమే" అన్నారు. అదే మాట వాట్సాప్‌లో కూడా పెట్టారు. తర్వాత తమ పేరు, బొమ్మ ఉన్న కాగితం ఒకటి ఇచ్చారు. అందులో వైజాగ్ నుంచి డాలస్ దాకా విమానాలన్నీ వరసగా ఉన్నాయి, మధ్యలో కనెక్షన్ టైమ్ ఉంది, పైన ఒక బుకింగ్ నంబరు ఉంది. ఆ నంబరు ఏ విమాన సంస్థదీ కాదు. అది ఆ ఆఫీసు సాఫ్ట్‌వేర్ వేసుకున్న సొంత నంబరు.

అసలు మన ఊరి వాళ్ళకి ఈ అతుకుల అవసరం ఎందుకొస్తుందంటే, వైజాగ్ నుంచి అమెరికాకి గానీ యూరప్‌కి గానీ నేరుగా విమానం లేదు. హైదరాబాదో, ఢిల్లీయో, ముంబైయో, బెంగళూరో వెళ్ళి మారాల్సిందే. మైల్స్‌కి ఇచ్చే సీట్లు ప్రతి విమానంలోనూ తక్కువే ఉంటాయి. ఢిల్లీ నుంచి సీటున్న రోజున వైజాగ్–ఢిల్లీ ముక్కలో ఉండదు. పైగా మైల్స్ పని చేసేది ఆ సంస్థకీ, దానితో కూటమిలోనో ఒప్పందంలోనో ఉన్న సంస్థలకే. ఎయిర్ ఇండియా 2014 జూలైలో స్టార్ అలయన్స్‌లో చేరింది కాబట్టి ఆ కూటమి మైల్స్‌తో ఎయిర్ ఇండియా వైజాగ్ విమానాన్ని కూడా ఒకే టికెట్‌లో కలపడానికి అవకాశం ఉంటుంది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ఆ లెక్కలోకి రాదు. ఇండిగో మూడు పెద్ద కూటముల్లో దేనిలోనూ లేదు. అందుకే మిగిలిన ముక్కని విడిగా కొంటాం. విడిగా కొనడం తప్పేం కాదు, చాలామంది కొంటారు. దాన్ని కనెక్షన్ అని చెప్పి అమ్మడమే మోసం.

తేడా ఎక్కడంటే, ఒకే టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు తర్వాతి విమానంలో ఎక్కించాల్సిన బాధ్యత సంస్థదే. రెండు టికెట్లయితే మొదటి సంస్థకి మీ రెండో విమానం సంగతే తెలియదు. రెండో సంస్థ దృష్టిలో మీరు రాని ప్రయాణికులు, అంతే.

మాకు మొదటి దెబ్బ వైజాగ్ కౌంటర్ దగ్గరే తగిలింది. సూట్‌కేసుకి ట్యాగ్ కడుతుంటే దాని మీద ఢిల్లీ కోడ్ మూడక్షరాలే కనిపించాయి. "డాలస్ దాకా వెళ్తుంది కదమ్మా" అని నాన్న అడిగితే, "మా దగ్గర ఢిల్లీ దాకే ఉంది సర్" అంది ఆ అమ్మాయి. ఆ వెంటనే తూకం. మైల్స్ టికెట్ మీద ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండు. ఈ డొమెస్టిక్ టికెట్ మీద ఒక్కొక్కరికి 15 కిలోలే. మిగతాదానికి కిలో లెక్కన కట్టాలి. అమ్మ అక్కడే నేల మీద కూర్చుని పెట్టె తెరిచి, ఆవకాయ డబ్బాలు, కరివేపాకు పొడి, బాలింత కోసం చేసిన శొంఠి పొడి ఒక్కొక్కటే తీసి నా చేతికిచ్చింది. అంత తీసినా ఎక్సెస్ లగేజీకి కట్టిన డబ్బు ఒక మనిషి ఢిల్లీ టికెట్ కంటే ఎక్కువైంది. అక్కకి చేరాల్సినవి మా ఇంటికే తిరిగొచ్చాయి.

అసలు దెబ్బ టైమింగ్‌ది. ఇది మైల్స్ వాళ్ళందరూ తెలుసుకోవాల్సిన విషయం. మైల్స్ సీట్లు చాలా సంస్థల్లో దాదాపు ఏడాది ముందే తెరుస్తారు కాబట్టి అందరూ నెలల ముందే తీసుకుంటారు. దాన్ని చూసుకుని డొమెస్టిక్ టికెట్ కూడా అప్పుడే కొనేస్తారు. కానీ మన దేశంలో విమానాల షెడ్యూలు ఏడాదికి రెండుసార్లు మారుతుంది. వేసవిది మార్చి చివరి ఆదివారం నుంచి, శీతాకాలానిది అక్టోబరు చివరి ఆదివారం నుంచి. ఆ మార్పుకి అటువైపు తేదీకి ముందుగా కొన్న టికెట్‌లో టైమ్ అలాగే ఉంటుందని గ్యారంటీ లేదు. మా ఢిల్లీ విమానం టైమ్ రెండు గంటలు లేటుకి మారింది. సంస్థ మెసేజ్ పంపింది, మెయిల్ కూడా పంపింది. రెండూ ఏజెంటుకే వెళ్ళాయి. బుకింగ్‌లో నాన్న నంబరు బదులు తన నంబరు, తన మెయిల్ పెట్టుకున్నాడు! మాకు ఒక్క ముక్క చెప్పలేదు. ముందురోజు ఆయన పంపిన బోర్డింగ్ పాస్ మీద కొత్త టైమ్ చూసి ఫోన్ చేస్తే, "ఇంకా రెండున్నర గంటలుందండీ, టెన్షన్ పడకండి" అన్నాడు.

ఆ రెండున్నర గంటల్లో గంట విమానం ఆలస్యానికే పోయింది. దిగింది టెర్మినల్ 1లో. అంతర్జాతీయ విమానాలన్నీ టెర్మినల్ 3 నుంచి. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్ళేది కాదు, బయటికొచ్చి బస్సో కారో ఎక్కాలి. అంతకంటే ముందు బెల్టు దగ్గర పెట్టెల కోసం నిలబడాలి. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. వీల్‌చైర్ అడిగాం, కానీ అది మైల్స్ టికెట్‌లో అడిగింది. ఆ రిక్వెస్ట్ డొమెస్టిక్ టికెట్‌లోకి రాదు. రెండు టికెట్లలోనూ విడివిడిగా పెట్టించాలి, ఇది పెద్దవాళ్ళున్నవాళ్ళు తప్పకుండా గుర్తుంచుకోండి. వాళ్ళు టెర్మినల్ 3 కౌంటర్‌కి చేరేసరికి మూసేశారు. అంతర్జాతీయ విమానాలకి బయల్దేరే టైమ్‌కి గంట, గంటంబావు ముందే చెక్ ఇన్ ఆపేస్తారు. విమానం ఇంకా అక్కడే ఉన్నా చేసేదేం లేదు.

ఇక్కడే ఇంకో విషయం. విమానం అందదని అర్థమైన క్షణమే, అది బయల్దేరకముందే, మైల్స్ టికెట్‌ని రద్దు చేయించాలి. చాలా ప్రోగ్రాముల్లో బయల్దేరే లోపు రద్దు చేస్తే కొంత ఫీజు పట్టుకుని మైల్స్ వెనక్కి ఇస్తారు. కొన్నిట్లో 24 గంటల ముందే చేయాలి, మీది ఏదో ముందే చూసి పెట్టుకోండి. బయల్దేరిపోయాక నో షో, అంటే ప్రయాణికులు రాలేదు అని రాసేస్తే మైల్స్ మీద ఆశ వదులుకోవాల్సిందే. మొదటి విమానం ఎక్కకపోతే అదే టికెట్ మీద ఉన్న మిగతా విమానాలన్నీ, తిరుగు ప్రయాణంతో సహా, వాటంతటవే రద్దయిపోతాయి. రద్దు చేసే అధికారం మైల్స్ ఎవరి ఖాతాలోవో వాళ్ళకే. ఆ టైమ్‌కి బావ ఆఫీసు మీటింగులో ఉన్నారు, ఫోన్ తీసేసరికి విమానం ఎగిరిపోయింది. కౌంటర్‌లో అడిగితే, టికెట్ ఇచ్చింది మేం కాదు, మైల్స్ ఎవరివో వాళ్ళనే అడగండి అన్నారు. వాళ్ళకి ఫోన్ చేస్తే ఎయిర్‌పోర్టులో కౌంటర్ వాళ్ళనే అడగండి అన్నారు. మర్నాడు డబ్బు పెట్టి ఇద్దరికీ కొత్త టికెట్లు కొన్నాం. ఒక్కొక్కరిది లక్ష దాటింది.

కాబట్టి ఏజెంటుకి డబ్బు కట్టే ముందు ఆయన ఇచ్చే కాగితాన్ని పక్కన పెట్టి, విమాన సంస్థ పంపే అసలు ఈ-టికెట్ అడగండి. అందులో 13 అంకెల టికెట్ నంబరుంటుంది. మొదటి మూడు అంకెలు టికెట్ ఇచ్చిన సంస్థవి. ఎయిర్ ఇండియాకి 098, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి 618, ఖతార్‌కి 157. మీ వైజాగ్ విమానం, విదేశీ విమానం రెండూ ఒకే టికెట్ కింద కనిపిస్తేనే అది కనెక్షన్. వైజాగ్ ముక్కకి వేరే పీఎన్ఆర్ ఉండి, సంస్థ వెబ్‌సైట్‌లో ఆ పీఎన్ఆర్ కొడితే ఢిల్లీ దాకే కనిపిస్తే అది విడి టికెటే, ఎవరేం చెప్పినా సరే. ఫోన్ నంబరు, మెయిల్ మీవే ఉన్నాయో లేదో కూడా అక్కడే చూసుకోండి. ఏజెంటువి ఉంటే మార్పించండి.

విడిగా కొనక తప్పకపోతే గంటల్లో లెక్క వేయొద్దు, ముందురోజే వెళ్ళండి. హోటల్‌కి అయ్యే డబ్బు కొత్త టికెట్ల ముందు ఏమీ కాదు. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ పొగమంచు సంగతి అందరికీ తెలిసిందే. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఎయిర్‌పోర్టు రోజుల తరబడి మూతపడింది. 2025 డిసెంబరు మొదటి వారంలో ఏ తుపానూ లేకుండానే, సిబ్బంది డ్యూటీ నిబంధనల సమస్యతో దేశమంతా రోజూ వందల కొద్దీ డొమెస్టిక్ విమానాలు రద్దయ్యాయి. అలాంటి రోజున మూడు గంటలున్నా ఐదు గంటలున్నా ఒకటే.

హైదరాబాద్ నుంచి మైల్స్ సీటు దొరికితే ఢిల్లీ కంటే నేను దానికే ఓటేస్తాను. శంషాబాద్‌లో డొమెస్టిక్, ఇంటర్నేషనల్ ఒకే టెర్మినల్. విమానం రద్దయినా మనకి రైలుంది. తెల్లవారుజామున వందేభారత్ ఎక్కితే మధ్యాహ్నానికి సికింద్రాబాద్, సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. రైల్లో సూట్‌కేసుల తూకం గొడవ కూడా ఇంత ఉండదు. ముంబై అయితే టెర్మినల్ చూసుకోండి. అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ 2 నుంచి. మీ వైజాగ్ విమానం టెర్మినల్ 1లో దిగితే రోడ్డు మీద ట్రాఫిక్‌లో వెళ్ళాలి.

కొందరు మైల్స్ టికెట్‌ని దేశం బయట నుంచి తీసుకుని, అక్కడిదాకా చౌక విమానంలో వెళ్తున్నారు. అది ఇంకా ప్రమాదం. టికెట్లు విడివిడివైతే చాలాచోట్ల మధ్యలో ఇమిగ్రేషన్ దాటి పెట్టెలు తీసుకుని మళ్ళీ చెక్ ఇన్ చేయాలి. ఇమిగ్రేషన్ దాటాలంటే ఆ దేశంలోకి వెళ్ళే అర్హత ఉండాలి. మన పాస్‌పోర్టుకి వీసా కావాల్సిన దేశమైతే, వీసా లేదని వైజాగ్‌లోనే ఎక్కనివ్వరు.

ఇంకో రకం ఏజెంట్లు మీ మైల్స్ అక్కర్లేదు, మేమే తెస్తాం అంటారు. వేరేవాళ్ళ ఖాతాలోని మైల్స్ కొని మీ పేరు మీద టికెట్ తీస్తారు. మైల్స్ అమ్మకం దాదాపు అన్ని ప్రోగ్రాముల నిబంధనలకీ విరుద్ధం. సంస్థ పట్టుకుంటే ఆ ఖాతా మూసేసి టికెట్ రద్దు చేస్తుంది. మీరు డబ్బు కట్టింది ఏజెంటుకి కాబట్టి సంస్థ మీతో మాట్లాడదు కూడా. చౌకగా బిజినెస్ క్లాస్ అని మెసేజ్ వస్తే, మైల్స్ ఎవరివని ముందు అడగండి.

ఇప్పటికే నష్టపోయినవాళ్ళు ఊరుకోవద్దు. వాడని డొమెస్టిక్ టికెట్ మీద, అది నాన్ రిఫండబుల్ అయినా సరే, పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు తిరిగివ్వాలని విమానాల మీద పర్యవేక్షణ చేసే డీజీసీఏ నిబంధన ఉంది, అడిగి తీసుకోండి. విమాన సంస్థ మీద ఫిర్యాదు కేంద్ర ప్రభుత్వ ఎయిర్ సేవా పోర్టల్‌లో పెట్టొచ్చు. ఏజెంటు మీదైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటే, అంటే విశాఖ జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. మేం ఏజెంటు ఇచ్చిన కాగితం, లగేజీ గురించి పెట్టిన వాట్సాప్ మెసేజ్, టైమ్ మారినట్టు సంస్థ ఏజెంటుకి పంపిన మెయిల్ కాపీ, ఎక్సెస్ లగేజీ రసీదు, బ్యాగ్ ట్యాగ్ ముక్క, కొత్త టికెట్ల బిల్లు అన్నీ జత చేసి ముందు నోటీసు పంపాం. జవాబు రాకపోతే కమిషన్‌కే వెళ్తాం. ఇలాంటి కాగితమే మీకు కూడా ఇచ్చి ఉంటే మెసేజ్ పెట్టండి, ఆ కాగితంలో ఏం చూడాలో చెప్తాను.