జాగ్రత్త: బేస్ రావట్లేదని నాలా కేబుల్ కొనకండి

రాయడానికి కాస్త సిగ్గుగానే ఉంది. కానీ నాలాగే ఇంకెవరో ఈపాటికి వెండి కేబుల్‌ని కార్ట్‌లో వేసుకుని కూర్చునే ఉంటారు, వాళ్ల కోసం రాస్తున్నాను.

వైర్డ్ ఇయర్‌ఫోన్లు కొన్నాను, చెవి లోపలికి దూర్చుకునే రకం, కేబుల్ ఊడదీసి మార్చుకోవచ్చు. చూసిన ప్రతి రివ్యూలోనూ బేస్ అదిరిపోయిందనే రాశారు. తీరా పెట్టుకుని వింటే మృదంగంలో కుడివైపు టకటకలు తప్ప ఎడమవైపు తొప్పి మోతే లేదు. గొంతులు కూడా రేకు డబ్బాలోంచి వస్తున్నట్టున్నాయి. అమ్మినవాళ్లకి మెసేజ్ పెట్టాను. "ఇంకా బర్న్-ఇన్ కాలేదు సార్, 200 గంటలు పాటలు పెట్టి వదిలేయండి, డ్రైవర్లు సెట్ అవుతాయి" అన్నారు. బర్న్-ఇన్ అంటే కొత్తవాటిని గంటల తరబడి వాయించి అలవాటు చేయడమట, డ్రైవర్లంటే లోపల శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్లు. నమ్మాను. రాత్రి పడుకునే ముందు పాటలు పెట్టడం, పొద్దున్నే ఆపడం. రోజుకు 8 గంటల లెక్కన 200 గంటలంటే 25 రోజులు. ఈ లెక్క మొదటిరోజే వేసుకుని ఉంటే బాగుండేది, ఎందుకంటే రిటర్న్ గడువు అంతకన్నా చాలా ముందే అయిపోయింది. కావాలనే చేశారో, నిజంగానే నమ్మి చెప్పారో తెలీదు. నా అనుమానం నాకుంది.

గడువు దాటాక షాపుకి వెళ్లాను. అక్కడ అసలు సినిమా మొదలైంది. నా మామూలు కేబుల్‌ని ప్లేయర్‌లో 3.5 ఎంఎం రంధ్రంలో పెట్టి ఒక పాట వినిపించారు. తర్వాత వెండి పూత కేబుల్ తగిలించి, పక్కనే ఉన్న 4.4 ఎంఎం బ్యాలెన్స్‌డ్ రంధ్రంలో (ఒక్కో చెవికి ఒకటికి బదులు రెండు ఆంప్లిఫయర్లు పనిచేసే రకం) పెట్టి అదే పాట మళ్లీ వేశారు. వాల్యూమ్ అంకె ముట్టుకోలేదు. రెండోసారి విన్నప్పుడు నిజంగానే తెర తీసినట్టు అనిపించింది. కేబుల్ కొన్నాను, దాంతోపాటు బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ ఉన్న చిన్న డాక్ (DAC, ఫోన్‌లోని డిజిటల్ పాటని ఇయర్‌ఫోన్‌కి అందే సిగ్నల్‌గా మార్చే పరికరం) కూడా.

ఇందులో మోసం ఎక్కడుందో చాలా రోజుల తర్వాత అర్థమైంది. బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో సాధారణంగా వోల్టేజ్ దాదాపు రెట్టింపు ఉంటుంది. అంటే వాల్యూమ్ అంకె అదే ఉన్నా శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. మన చెవితో వచ్చిన చిక్కేమిటంటే, శబ్దం కాస్త పెరిగితే "గట్టిగా ఉంది" అనుకోదు, "క్లియర్‌గా ఉంది" అనుకుంటుంది. ఒక్క డెసిబెల్ తేడా చాలు పడిపోవడానికి, నాకైతే ఆరు వడ్డించారు. కేబుళ్లు పోల్చి చూపిస్తామంటే రెండూ ఒకే రంధ్రంలో, ఒకే శబ్దంతో పెట్టమనండి. ఏది పెట్టారో మీకు చెప్పొద్దనండి. అప్పుడూ తేడా పట్టగలిగితే హాయిగా కొనుక్కోండి.

ఇంటికొచ్చి వింటే మళ్లీ అదే రేకు డబ్బా, ఈసారి గట్టిగా.

అసలు కారణం ఒక రాత్రి దొరికింది. కుడివైపుకి తిరిగి పడుకుని వింటున్నాను. దిండు ఇయర్‌ఫోన్‌ని చెవిలోకి నొక్కింది. అంతే, కుడి చెవిలో బేస్ గుభేలుమని దిగింది. తల ఎత్తాను, పోయింది. మళ్లీ దిండుకి ఆనించాను, వచ్చింది. లేచి కూర్చుని అట్టపెట్టె వెతికితే కవర్‌లో ఎస్, ఎల్ సైజు రబ్బరు టిప్పులు ముట్టుకోకుండా అలాగే ఉన్నాయి. నేను ఇన్నాళ్లూ కంపెనీ బిగించి పంపిన ఎమ్ సైజుతోనే వింటున్నాను. కుడి చెవికి ఎల్ పెట్టాను, ఎడమకి ఎమ్ ఉంచాను. రెండు చెవులూ ఒకే సైజులో ఉంటాయని ఎవరన్నారు? తొప్పి మోత వచ్చేసింది.

సంగతి చాలా మామూలుది. అంత చిన్న డ్రైవర్ మనకి బేస్ వినిపించాలంటే చెవి గొట్టంలో గాలి బయటికి పోకుండా మూసుకుని ఉండాలి. సన్నని సందు ఉన్నా లోతు శబ్దాల ఒత్తిడి అందులోంచి జారిపోతుంది, పైశబ్దాలు మాత్రం అలాగే వినిపిస్తాయి. అందుకే పలచగా, గీకినట్టు ఉంటుంది. చెవిని మొత్తం కప్పే హెడ్‌ఫోన్లలోనూ ఇదే గొడవ. కళ్లజోడు కాడ కింద సందు పడినా, జుట్టు అడ్డొచ్చినా, కుషన్లు అరిగి చదునైపోయినా బేస్ తగ్గుతుంది. ఒక వైపు మాత్రమే సౌండ్ తగ్గితే ముందుగా ఇయర్‌ఫోన్ మూతి మీది జాలీలో గులిమి చేరిందేమో చూడండి. చెప్పుకోవడానికి బాగోదు గానీ చాలామంది సమస్య అదే.

ఇక ఆ కేబుల్. మీటరు పొడవున్న మామూలు రాగి తీగ నిరోధం ఒక ఓమ్‌లో కొంత భాగమే. ఇయర్‌ఫోన్లు 16, 32 ఓమ్‌లు ఉంటాయి. రాగి తీసి వెండి పెడితే ఆ కొంత భాగంలో కొంచెం మారుతుంది, అంతే. తీగ తెగినా, జాక్ వదులైనా, బట్టలకి రాసుకుని గరగరలాడినా కేబుల్ మార్చండి, తప్పులేదు. డాక్ విషయంలో అంత మొండిగా చెప్పను. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి ఫోన్ పవర్ చాలకపోవచ్చు. లోపల చాలా డ్రైవర్లున్న ఇయర్‌ఫోన్లకి అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (పరికరం తన వైపు నుంచి కలిపే నిరోధం) ఎక్కువున్న పరికరం తగిలిస్తే సౌండ్ తీరే మారిపోతుంది. ఆ ఇంపిడెన్స్ ఇయర్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు మించకూడదని ఒక మోటు లెక్క. నావి 32 ఓమ్‌లు, ఒకటే డ్రైవర్. ఫోనే సరిపోయేది.

పెట్టె మీది హై-రెస్ స్టిక్కర్ చూసి కూడా మురిసిపోకండి. అది 40 కిలోహెర్ట్జ్ దాకా వాయించగలదని చెప్తుంది, మన చెవి కుర్రతనంలోనే 20 దగ్గర ఆగిపోతుంది. ధర సంగతీ అంతే. జెరోన్ బ్రీబార్ట్ అనే ఆయన 283 హెడ్‌ఫోన్ల కొలతలు తీసుకుని 2017లో ఒక పేపర్ ప్రచురించారు. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ (అంటే బేస్, గొంతు, పైశబ్దాల పాళ్లకీ) ధరకీ ఆయనకి సంబంధమే కనబడలేదు. చెవిలో టిప్ సరిగ్గా కూర్చున్నాక మనం వినే తేడాలో సింహభాగం ఆ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌దే. ఆ పాళ్లు నచ్చకపోతే ఫోన్‌లో ఉచితంగా ఉన్న ఈక్వలైజర్‌తో చాలావరకు సరిచేసుకోవచ్చు.

బ్లూటూత్ వాడేవాళ్లకి ఒక్క మాట: కాల్‌లోనో గేమ్‌లోనో మైక్ ఆన్ కాగానే సౌండ్ పాత టెలిఫోన్‌లా అయిపోతే హెడ్‌ఫోన్ పాడైందని టెన్షన్ పడకండి. చాలా వాటిలో మైక్ కోసం బ్లూటూత్ వేరే మోడ్‌కి మారుతుంది, అందులో నాణ్యత తక్కువ.

కొత్తవి కొన్న రోజే పెట్టెలోని టిప్పులన్నీ రెండు చెవులకీ మార్చి మార్చి వినండి. తెలిసిన పాట పెట్టి, వేలితో ఇయర్‌ఫోన్‌ని మెల్లగా నొక్కండి. నొక్కినప్పుడు బేస్ వస్తే లోపం టిప్ సైజుది. నొక్కినా రాకపోతే గడువులోపే వెనక్కి పంపండి, 200 గంటలు అన్నవాళ్ల మాట వినకండి.

కేబుల్ వాపసు తీసుకోమని అడిగాను. ప్లగ్ మీద గీత పడిందట, కుదరదన్నారు. "అయినా మీ చెవులు తేడా సార్" అని కూడా అన్నారు. ఆ మాట మాత్రం నిజమే, కుడిది ఎల్, ఎడమది ఎమ్.