కారవాన్ బ్రేకుల పనికి తిరుపతిలోనే మంచి షెడ్డు ఉంది

కారవాన్ ట్రైలర్‌కు, అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లులాంటి బండికి, ఎలక్ట్రిక్ బ్రేకులు సెట్ చేయించాలంటే ఇక్కడ ఎవరిని అడిగినా బెంగళూరో, చెన్నైయో పొమ్మంటారు. అంత దూరం పోనక్కర్లేదు. రేణిగుంట రోడ్డులో లారీలు, ట్రాక్టర్ ట్రాలీల పని చేసే ఒక షెడ్డులో మా ట్రైలర్ బ్రేకులు సెట్ చేయించుకున్నాం.

స్కార్పియో వెనక ట్రైలర్ తగిలించి నడిపేది నేనే. కార్లో మా అత్తగారు, పిల్లలు ఉంటారు. హార్స్‌లీ హిల్స్ నుంచి తిరిగొచ్చేటప్పుడు భాకరాపేట ఘాట్ దిగాలి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న బస్సు లోయలో పడింది ఆ ఘాట్‌లోనే. అలాంటి మలుపులో ట్రైలర్ వెనక నుంచి తోస్తుంటే ఎంత టెన్షనో నడిపేవాళ్లకే తెలుస్తుంది. అంతకుముందు వేరేచోట చూపిస్తే కంట్రోలర్‌లో (కార్లోంచి ట్రైలర్ బ్రేకులకు కరెంటు పంపే డబ్బా) గెయిన్, అంటే బ్రేకు పట్టే బలం, పెంచేసి పంపించారు. దాంతో బ్రేకు కొడితే కుడి చక్రం పట్టేసేది, ఎడమది తిరుగుతూనే ఉండేది.

ఈ షెడ్డు మేస్త్రీ మొదట కంట్రోలర్ జోలికే పోలేదు. ట్రైలర్‌ను జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టి, డ్రమ్ము వెనక రబ్బరు మూత తీశాడు. లోపలి పళ్ల చక్రాన్ని స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పన్నూ తిప్పుతూ, చక్రం చేత్తో తిరగనంత వరకు షూలు (డ్రమ్మును లోపలినుంచి రాసుకుని ఆపే బ్రేకు ముక్కలు) బిగించాడు. మళ్లీ కొంచెం వదులు చేసి, సన్నగా రాసుకునే శబ్దం వినిపించే దగ్గర ఆపాడు. రెండు చక్రాలకూ అంతే. తర్వాత మీటరు పెట్టి నన్ను పిలిచాడు.

"చూడక్కా, కుడిపక్క 3 ఆంపియర్లు తీసుకుంటాంది, ఎడమపక్క 2 కూడా రాలా. మాగ్నెట్ బాగానే ఉంది, ఎర్త్ పోయింది." మాగ్నెట్ అంటే కరెంటు అందగానే షూలను డ్రమ్ముకు నొక్కించే అయస్కాంతం.

ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ బోల్టు తీసి చూస్తే కిందంతా తుప్పే. రెండు చక్రాల నుంచీ, ట్రైలర్ కరెంటును కారుకు కలిపే ప్లగ్గు దాకా విడిగా లావుపాటి ఎర్త్ వైరు లాగాడు. ఎడమ చక్రం రోగం అక్కడితో కుదిరింది.

గెయిన్ సెట్టింగ్ చివర్లో, అదీ రోడ్డు మీదే. నీళ్ల ట్యాంకు నింపించి, సామానంతా లోపలే ఉంచమన్నాడు. ఖాళీ బండికి సెట్ చేస్తే లోడుకు చాలదట. స్టీరింగ్ నా చేతికే ఇచ్చి పక్కన కూర్చున్నాడు. పొద్దున్నే ఖాళీగా ఉన్న చదును రోడ్డులో 40 కిలోమీటర్ల వేగంతో పోతూ, బ్రేకు మీద కాలు పెట్టకుండా కంట్రోలర్ మీది మీటను పూర్తిగా నొక్కమన్నాడు. చక్రాలు పట్టేస్తే తగ్గించడం, లాగుడు చాలకపోతే పెంచడం. పట్టేయడానికి ఒక్క అడుగు ముందు ఆపాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది బ్రేక్‌అవే స్విచ్ పరీక్ష. ట్రైలర్ ఊడిపోతే దానంతటది ఆగాలంటే ఆధారం ఇదే: కారుకు కట్టిన తీగ స్విచ్‌లోని పిన్నును లాగేస్తే, ట్రైలర్ సొంత బ్యాటరీతో బ్రేకులు పడతాయి. ప్లగ్గు పీకేసి, పిన్ను లాగి, ట్రైలర్‌ను తోసి చూపించాడు, కదల్లేదు. వెంటనే పిన్ను పెట్టేశాడు, బ్యాటరీ దిగిపోకుండా. దాని తీగ సేఫ్టీ చెయిన్‌కు కట్టి ఉంటే విప్పి, కారు ఛాసిస్‌కు విడిగా తగిలించాడు. చెయిన్ తెగితే తీగ కూడా దాంతోపాటే పోతుంది కదా, విడిగానే ఉండాలి.

లోపాలూ ఉన్నాయి. కూర్చోవడానికి నీడ లేదు, పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దు. లారీ వచ్చిందంటే మన పని పక్కన పెట్టేస్తారు. కొత్త వైరును ప్లాస్టిక్ ట్యాగులతో కట్టారు, నేను అడిగాకే క్లిప్పులు వేశారు. లేబర్ చార్జీ మాత్రం న్యాయంగా ఉంది, మార్చిన పాత వైరు, బోల్టు మన చేతికే ఇచ్చేస్తారు.

వెళ్లేవాళ్లు సామాను దించకుండా, తెల్లారగానే వెళ్లండి. పది దాటితే టెస్టుకు రోడ్డు ఖాళీ దొరకదు. కొత్త షూలు వేయించుకుంటే 300 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తీసుకురమ్మంటారు. అవి అరిగి కుదురుకున్నాక ఇంకోసారి బిగించాలి, దానికి డబ్బు తీసుకోరు.