వీడియో గేమ్ సెట్టు పట్టుకుని విజయవాడలో రెండు రాత్రులు

గుంటూరు బ్రాడీపేటలో అన్నయ్య ఇంటికి రంగులు వేయిస్తుంటే అటక మీద నుంచి మా చిన్నప్పటి వీడియో గేమ్ సెట్టు దిగింది. రెండు రిమోట్లు, ప్లాస్టిక్ తుపాకీ, మూడు క్యాసెట్లు, అన్నీ ఉన్నాయి. ప్లగ్ పెడితే మాత్రం ఎర్ర లైటు వెలగలేదు. వదిన వాళ్ల బంధువుల పెళ్లికి ఎలాగూ విజయవాడ వెళ్తున్నాం కదా, అక్కడ బాగు చేయిద్దామని సంచిలో వేసుకున్నాం. నేను హైదరాబాద్ నుంచి ముందే వచ్చి ఉన్నాను. బస్సు కనకదుర్గ వారధి ఎక్కేదాకా అన్నయ్య ఆ సంచిని ఒళ్లోంచి దించలేదు.

ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముందు చెప్పాల్సింది రిపేరు షాపు గురించి. గవర్నర్‌పేటలో ఆంప్లిఫయర్లు బాగుచేసే చిన్న కొట్టు అది. అరవై దాటిన పెద్దాయన నాలుగు స్క్రూలు విప్పి, మీటరు ముల్లు రెండు చోట్ల ఆనించి, "ఇదుగోనమ్మా, ఇదీ పోయింది" అని మూడు కాళ్ల బిళ్ల ఒకటి చూపించారు. దాని మీద 7805 అని ఉంది. అడాప్టర్ నుంచి వచ్చే 9 వోల్టుల కరెంటును 5 వోల్టులకు తగ్గించి లోపలికి పంపేది అదేనట. అది మార్చగానే లైటు వెలిగింది.

తర్వాత ఆయన క్యాసెట్ తీసుకుని కింద వరుసగా ఉన్న రాగి పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దారు. ఒక వైపు 30, ఇంకో వైపు 30. దూదికి స్పిరిట్ అద్ది తుడిస్తే దూది నల్లగా వచ్చింది. చిన్నప్పుడు ఆట రాకపోతే మేం నోటితో ఉఫ్ అని ఊదేవాళ్లం. "ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినందుకు పనిచేసేది. ఊదితే నోటి తడి తగిలి రాగి చిలుము పడుతుంది" అన్నారాయన. నలభై నిమిషాల పని, నూట యాభై రూపాయలు. ఇలాంటి చేయి తిరిగిన మనిషి దొరకడం మా అదృష్టం.

అక్కడి నుంచి బీసెంట్ రోడ్‌కు వెళ్లాం. వందల ఆటలున్నాయని చెప్పే కొత్త సెట్లు అమ్ముతున్నారు. ఒకటి పెట్టి చూపించమన్నాం. జాబితాలో కిందికి పోయేకొద్దీ అవే ఆటలు వేరే పేర్లతో మళ్లీ మళ్లీ వస్తున్నాయి. బటన్లు మెత్తగా లోపలికి దిగబడుతున్నాయి. కొనొద్దనే చెప్తాను.

మొదటి రాత్రి బెంజ్ సర్కిల్ వైపు ఒక కొత్త హోటల్లో దిగాం. మంచం, వేడినీళ్లు, లిఫ్టు, దేనికీ వంక పెట్టడానికి లేదు. మాకు కావలసిన టీవీయే మాకు పనికిరాలేదు. గోడకు బిగించిన పెద్ద ఎల్ఈడీ. పాత సెట్టును కొత్త టీవీకి కలిపే కన్వర్టర్ కొని తగిలిస్తే బొమ్మ అడ్డంగా సాగింది. గుంటలు దూకుతూ పోయే మారియో ఆటలో, బటన్ నొక్కిన కాసేపటికి గానీ మారియో ఎగరడం లేదు. అలవాటైన మొదటి గుంటలోనే మూడుసార్లు పడ్డాను. తెర మీద ఎగిరే బాతుల్ని ప్లాస్టిక్ తుపాకీతో కొట్టే ఆటలో అయితే ఒక్క బాతూ పడలేదు. పాడైందేమోనని అన్నయ్య మొహం వేలాడేశాడు. కానీ తప్పు తుపాకీది కాదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లటి చతురస్రం వస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును అదే క్షణంలో పట్టుకోవాలి. పాత డబ్బా టీవీ సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే గీస్తుంది. కొత్త టీవీ బొమ్మను సవరించి చూపించేసరికి ఆ క్షణం దాటిపోతుంది.

రెండో రోజు గాంధీనగర్‌లోని పాత లాడ్జికి మారాం. అద్దె సగం. దుప్పట్లు ఉతికినవే గానీ పలచగా ఉన్నాయి, బాత్‌రూమ్‌లో కుళాయి కారుతోంది, రాత్రంతా రోడ్డు మీద హారన్లు. వదినకు అస్సలు నచ్చలేదు, ఆవిడ మాటలో న్యాయం ఉంది. కానీ అడగ్గానే కుర్రాడు స్టోర్ రూమ్ నుంచి 21 అంగుళాల డబ్బా టీవీ మోసుకొచ్చి, దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాడు. పసుపు పిన్ను, తెల్ల పిన్ను గుచ్చగానే బొమ్మ సరిగ్గా నిలబడింది. తుపాకీ ఎక్కుపెట్టి నొక్కితే మొదటి బాతు పడింది! అన్నయ్య కొడుక్కి పదేళ్లు. తుపాకీ ఒకరు పట్టుకుంటే, రిమోట్ పట్టుకున్న ఇంకొకరు బాతును దారి తప్పించవచ్చని చూపించాం. "అత్తా, నేనే బాతు" అని గంటసేపు రిమోట్ వదల్లేదు.

ఇన్నేళ్లకు మళ్లీ ఆడాక ఒక్కో ఆట మీద నా మాట చెప్తాను. మారియో 1985 నాటిది. 32 దశల్లో ఎక్కడా అన్యాయంగా చచ్చినట్టు అనిపించదు. అంత చక్కగా కూర్చారు. కాకపోతే ఇద్దరాడితే ఒకరు ఆడుతుంటే ఇంకొకరు చూస్తూ కూర్చోవాలి. సర్కస్ ఆట పది నిమిషాలకు సరి. కారు ఆటలో పెట్రోలు అయిపోతుందన్న టెన్షన్ తప్ప ఇంకేం లేదు.

ట్యాంకుల ఆటకు మాత్రం వందకు వంద. అదీ 1985దే. దశకు ఇరవై శత్రు ట్యాంకులు. వాటిని కొడుతూ కింద ఇటుకల మధ్యనున్న గద్ద బొమ్మను కాపాడాలి. ఒకరు పైకి పోతే ఒకరు గద్ద దగ్గర ఉండాల్సిందే. మాట్లాడుకోకుండా ఆడటం కుదరదు. పొరపాటున ఒకరి గుండు ఇంకొకరికి తగిలితే కాసేపు కదల్లేరు. శత్రువు గద్ద మీదికి వస్తుంటే "నన్నెందుకు కొట్టావే" అని అన్నయ్య అరిచిన అరుపుకి పక్కగది వాళ్లు తలుపు తీసి చూశారు.

ఇద్దరు సైనికులు కాల్చుకుంటూ పోయే కాంట్రా ఆటలో మూడో దశ జలపాతం. పైకి ఎగురుతూ పోవాలి. ఒకరు తొందరపడితే తెర పైకి జరిగి, కింద మిగిలినవాళ్లు చచ్చిపోతారు. చిన్నప్పుడు అన్నయ్య ఆగేవాడు కాదు. నా ప్రాణాలన్నీ అక్కడే పోయేవి. ఈసారి ఒక్కో మెట్టు మీదా నిలబడి "రా, ఎగురు" అంటూ వచ్చాడు. పైన, పైన, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ అని రిమోట్ బటన్లు వరుసగా నొక్కే చిట్కాతో తెచ్చుకున్న ముప్పై ప్రాణాల్లో ఆ దశ దాటేసరికి నాకింకా ఇరవై రెండు మిగిలాయి.

పిల్లాడి కోసం ఒక మాల్‌లోని గేమింగ్ జోన్‌కు కూడా వెళ్లాం. కార్డులో ఐదొందలు వేయిస్తే ముప్పావుగంటలో అయిపోయాయి. ఎక్కువగా టికెట్లు రాల్చే మెషీన్లే. పాత ఆటల కోసమైతే వెళ్లక్కర్లేదు.

తెల్లారి గాంధీనగర్‌లోనే బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని, లాడ్జికి వచ్చి సామాను సర్దాం. ఆ టీవీ అమ్ముతారా అని అన్నయ్య కుర్రాణ్ణి అడిగాడు. ఓనరుగారు మచిలీపట్నం వెళ్లారు, సోమవారం వస్తారన్నాడు. ఫోన్ నంబరు రాసిచ్చి బస్సెక్కాం.