కరెంటు అక్కర్లేని పౌడర్ స్కేలు: ఏళ్ల తరబడి వాడాక

తూటాల రీలోడింగులో, అంటే పేలిన తూటా ఖాళీ కేసును (గొట్టాన్ని) మళ్లీ నింపుకోవడంలో, కరెంటు తప్పనిసరి అయిన పని దాదాపు లేదు. ఖాళీ కేసును డైలోకి (దాన్ని మళ్లీ సైజుకు తెచ్చే అచ్చులోకి) తోయడానికి ప్రెస్సు పిడి ఉంది, ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) ఎక్కించడానికి బొటనవేలి బలం చాలు. పౌడర్, అంటే తూటా మందు, తూచే దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ డిజిటల్ స్కేలు వెతుక్కుంటారు. నేను ఏళ్లుగా పాతకాలపు బీమ్ స్కేలుతోనే (కాడ త్రాసుతోనే) నెట్టుకొస్తున్నాను. మార్చాలని ఇప్పటికీ అనిపించలేదు.

పౌడర్‌ను గ్రెయిన్లలో తూస్తారు. పౌండుకు 7000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు తేడా కూడా ఈ స్కేలు పట్టేస్తుంది. త్రాసు కాడ కింద ఉన్న ఉక్కు కత్తి అంచు అగేట్ రాయి గాడిలో కూర్చుని ఊగుతుంది. కాడ చివరి రాగి రేకు అయస్కాంతాల మధ్య ఆడుతుంటే, వాటికి తగలకుండానే ఊపు తగ్గి ముల్లు త్వరగా నిలబడుతుంది. ట్రిక్లర్ (పౌడర్‌ను కొద్దికొద్దిగా రాల్చే పరికరం) మెల్లగా తిప్పుతుంటే ఒక్కో పలుకు పళ్లెంలో పడడం, ముల్లు గీత వైపు జరగడం కళ్లారా కనిపిస్తాయి. డిజిటల్‌లో అంకె ఉన్నట్టుండి ఎందుకు మారిందో ఒక్కోసారి అంతుపట్టదు. ఇక్కడ ఆ టెన్షన్ లేదు.

గాలి అంటే మాత్రం దీనికి అస్సలు పడదు. ఫ్యాన్ ఆపాలి, కిటికీ మూయాలి, ఊపిరి కూడా పక్కకు వదలాలి. ముల్లును కంటికి సమానమైన ఎత్తులో చూడకపోతే రీడింగు తప్పుతుంది. పని నెమ్మది. వందల తూటాలు గబగబా కావాలనుకునేవాళ్లకు విసుగు ఖాయం.

అసలు జాగ్రత్త కాడ మీద గాడి గాడికీ జరిపే పెద్ద తూకపు బిళ్ల దగ్గర. నా స్కేలులో అది ఒక్క గాడి జరిగితే 5 గ్రెయిన్ల తేడా. చాలా పిస్టల్ తూటాల్లో పోసే మొత్తం పౌడరే దాదాపు అంత! ఒక్క గాడి తప్పితే డబుల్ చార్జ్ (రెట్టింపు మందు) పడినట్టే, తుపాకీయే బద్దలవ్వచ్చు. అందుకే కూర్చోగానే సున్నా చూస్తాను, చెక్ వెయిట్ (బరువు కచ్చితంగా తెలిసిన తూకపురాయి) పెట్టి సరిచూస్తాను. మధ్యలో లేచి వెళ్తే మళ్లీ అదంతా మొదటినుంచి.

కరెంటు లేదని దీపమో కొవ్వొత్తో వెలిగించుకుని పౌడర్ డబ్బా తెరుస్తారేమో, ఆ పని మాత్రం వద్దు. పగటి వెలుతురు చాలు.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే పెయింటు చూసి మోసపోకండి. కత్తి అంచులు మొద్దుబారాయా, రాగి రేకు వంగి అయస్కాంతానికి రాసుకుంటోందా చూడండి. పళ్లెం ఆ స్కేలుదేనా అని కూడా అడగండి, వేరేదైతే సున్నా కుదరకపోవచ్చు.