ఇంగ్లీషు అంతగా రాని ప్రసంగికుడికి ఏ స్టడీ టూల్స్ అక్కరకొస్తాయి?

మా గోదావరి జిల్లాల్లో ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు అంతంతమాత్రమే. నాదీ తెలుగు మీడియం చదువే. బైబిల్ స్టడీకి పనికొచ్చే సరంజామా మాత్రం చాలామటుకు ఇంగ్లీషులోనే ఉంది. అందుకని ఏళ్ల తరబడి వాడిన వాటి గురించి చెప్పేటప్పుడు నేను ఒక్కటే చూస్తాను. తెలుగు బైబిలు ముందు పెట్టుకుని, ఆదివారం వర్తమానం కోసం శనివారం రాత్రి కూర్చున్న మనిషికి ఇది ఎంతవరకు పనికొస్తుంది?

నేను ఎక్కువగా వాడింది ఈ-సోర్డ్. రిక్ మేయర్స్ అనే ఆయన 2000లో విడుదల చేసిన ప్రోగ్రాం. విండోస్ లాప్‌టాప్‌కైతే ఉచితం. ఐఫోన్, ఐప్యాడ్, మ్యాక్‌లకు డబ్బు కట్టాలి. ఒక పక్క బైబిలు, ఇంకో పక్క వ్యాఖ్యానం, కింద నిఘంటువు. వచనం మీద నొక్కితే మిగతావన్నీ ఆ వచనానికే వచ్చి నిలబడతాయి. పాత లాప్‌టాప్‌లో కూడా బరువనిపించదు, ఒకసారి దించుకుంటే నెట్‌తో పనిలేదు. ఫోన్‌లో అదే పని మైసోర్డ్ చేస్తుంది. అది ఆండ్రాయిడ్ యాప్, ఈ-సోర్డ్ వాళ్లది కాదు, కానీ పద్ధతి దాదాపు అదే.

కొత్తగా దించుకున్నవాళ్లు చేసే మొదటి పని, దొరికిన వ్యాఖ్యానాలన్నీ పోగేసుకోవడం. ఉచితమంటే ఎవరు ఆగుతారు! ఆరు నెలలయ్యాక చూస్తే వాటిలో తెరిచేవి రెండో మూడో ఉంటాయి. నా దగ్గర చివరికి మిగిలినది, అసలు వ్యాఖ్యానమే కానిది, ట్రెజరీ ఆఫ్ స్క్రిప్చర్ నాలెడ్జ్. పంతొమ్మిదో శతాబ్దంలో లండన్‌లో అచ్చయిన రిఫరెన్సుల పుస్తకం, అంటే ఒక వచనానికి సంబంధించిన మిగతా వచనాలు ఎక్కడున్నాయో చూపేది. సుమారు 5 లక్షల రిఫరెన్సులు ఉన్నాయంటారు. అక్కడక్కడ ఒకటి రెండు ఇంగ్లీషు మాటలు తప్ప అంతా పుస్తకం పేరు, అధ్యాయం, వచనం, అంతే. బైబిల్ పుస్తకాల ఇంగ్లీషు పొట్టి పేర్లు గుర్తుంటే చాలు, మిగతాదంతా మన తెలుగు బైబిల్లోనే చూసుకోవచ్చు. తెలుగు మాత్రమే చదివే కాపరికి ఇంతకంటే సూటిగా పనికొచ్చేది నాకింతవరకు కనబడలేదు.

లూకా 4:19 తీసుకోండి. నజరేతు సమాజమందిరంలో యేసు గ్రంథం చదివిన చోటు. అక్కడ ట్రెజరీ తెరిస్తే యెషయా 61:2 కనబడుతుంది, లేవీయకాండము 25 కనబడుతుంది. యెషయాలో హితవత్సరం, అంటే ప్రభువు దయ చూపే ఏడాది, దానితో పాటు "మన దేవుని ప్రతిదండన దినము" అనే మాట కూడా ఉంది. లూకాలో ఆ మాట లేదు. ఆయన దానికి ముందే ఆపి, గ్రంథం చుట్టి పరిచారకుడి చేతికిచ్చి కూర్చున్నాడు. ఇక లేవీయకాండము 25కి వెళ్తే యాభయ్యో సంవత్సరం, అమ్ముకున్న పొలం తిరిగి వాళ్లకే రావడం, అప్పుకు అమ్ముడుపోయినవాడు ఇంటికి తిరిగి వెళ్లడం. కౌలు రైతులు కూర్చున్న సంఘంలో ఈ అధ్యాయం నెమ్మదిగా చదివితే చాలు, ఇలస్ట్రేషన్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

దీనికీ లోపం ఉంది. ఆ వచనాన్ని ఈ వచనానికి ఎందుకు కలిపారో చెప్పదు. కొన్ని నిజమైన సంబంధాలు, కొన్ని ఒకే మాట రెండు చోట్లా వచ్చినందుకు పెట్టినవి. ఏది ఏదో మనమే తేల్చుకోవాలి. శనివారం రాత్రి పదకొండింటికి మొదలుపెడితే ఆ ఓపిక ఉండదు. వారం మొదట్లోనే వచనం అనుకునేవాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది.

తెలుగు పాఠంలో వెతకడం ఇంకో తలనొప్పి. మన పాత అనువాదంలో గొర్రె అనే మాటకు బండి ఱ ఉంటుంది, గొఱ్ఱె అని. మామూలు ర తో టైప్ చేస్తే ఫలితం సున్నా. యోహాను సువార్త పదో అధ్యాయం అంతా గొఱ్ఱెలే కదా, ఏమీ లేదంటుందేంటని యాప్ చెడిపోయిందనుకుంటారు. దాన్ని తిట్టుకునే ముందు, తెలిసిన వచనం ఒకటి తెరిచి, అందులోంచి ఆ మాటను కాపీ చేసి వెతుకులాట గడిలో పెట్టండి. చివరి అక్షరాలు వదిలేసి మాట మొదలు మాత్రమే ఇస్తే విభక్తులతో ఉన్నవి కూడా దొరుకుతాయి.

వ్యాఖ్యానాల్లో మాథ్యూ హెన్రీ అందరికీ తెలిసిన పేరే. ఆదికాండం, రాజుల చరిత్ర లాంటి కథనాల మీద ఆయన్ని చదవాలి. వాక్యాలు పొడుగు, ఇంగ్లీషు పాతది. అపొస్తలుల కార్యముల వరకు రాసి 1714లో ఆయన కన్నుమూశాడు. రోమా పత్రిక నుంచి ఆఖరు వరకు వేరే సేవకులు పూర్తిచేశారు. రోమా పత్రిక మీద ప్రసంగిస్తూ "మాథ్యూ హెన్రీ గారు అన్నారు" అనే ముందు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

అచ్చు పుస్తకంగా నేను డబ్బు పెట్టి కొన్నది విలియం మెక్‌డొనాల్డ్ రాసిన బిలీవర్స్ బైబిల్ కామెంటరీ. బైబిలంతా ఒకే సంపుటం, ఇటుకంత బరువు. ఇంగ్లీషు మాత్రం తేలిక, పదో తరగతి చదివినవాడు డిక్షనరీ పక్కన పెట్టుకుని లాక్కురాగలడు. కొత్త నిబంధన భాగం గట్టిది, పాత నిబంధన క్లుప్తం. ఆయన బ్రదరెన్ సహవాసం మనిషి. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీలతో మొదలైన సంఘాలు నరసాపురం, పాలకొల్లు వైపు ఉన్నాయి కాబట్టి అక్కడివాళ్లకు ఆయన మాట సొంతింటి మాటలా ఉంటుంది. గుంటూరు లూథరన్ మిత్రులకు బాప్తిస్మం దగ్గర, ప్రకటన గ్రంథం దగ్గర పొసగదు. పొసగని చోట కూడా ఆయన ఎందుకలా అన్నాడో తెలుస్తుంది, అందుకే నేను దాన్ని వదల్లేదు.

స్ట్రాంగ్స్ నంబర్ల గురించి, అంటే బైబిల్లోని ఒక్కో హీబ్రూ, గ్రీకు మాటకు ఇచ్చిన నంబర్ల గురించి, రెండు మాటలు చాలు. అవి ఉన్న 1890 నాటి పదసూచిక కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లీషు బైబిలు మీద కట్టింది, కాబట్టి ముందు ఆ ఇంగ్లీషు మాట తెలియాలి. ప్రసంగ వేదిక మీద గ్రీకు మాట పలికితే జనం తలలూపుతారు, అంతకుమించి ఒరిగేదేమీ లేదు. నిజంగా మూలభాష ఆసక్తి ఉంటే కేంబ్రిడ్జ్‌లోని టిండేల్ హౌస్ వాళ్ల స్టెప్ బైబిల్ చూడండి. అదీ ఉచితమే.

నేను తక్కువ అంచనా వేయొద్దనే సాధనం మ్యాప్. అపొస్తలుల కార్యములు 20:13లో మిగతావాళ్లు ఓడెక్కితే పౌలు త్రోయ నుంచి అస్సొసుకు కాలినడకన బయల్దేరాడు. మ్యాప్ చూడకపోతే ఆ వచనం మీద కన్ను ఆగదు. చూస్తే, ఓడ సముద్రంలోకి పొడుచుకొచ్చిన అగ్రాన్ని చుట్టి రావాలి, నేల మీదైతే అడ్డంగా సుమారు 30 కిలోమీటర్లు. ఒంటరిగా ఎందుకు నడిచాడో లూకా చెప్పలేదు. కానీ యెరూషలేముకు పోతున్న మనిషి ఆ దారిలో ఏమాలోచించి ఉంటాడని అడిగితే సంఘం మొత్తం నిశ్శబ్దంగా వింటుంది.

ఈ-సోర్డ్‌లో నోట్స్ రాసేవాళ్లు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటూ ఉండండి. ఒక రిపేరు షాపులో అడగకుండా నా లాప్‌టాప్ ఫార్మాట్ చేసేశారు, రోమా పత్రిక నోట్స్ మొత్తం పోయాయి. ఫోన్ చూసి ప్రసంగించేవాళ్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మరవద్దు.

చేతిలో పరిమితంగానే డబ్బుంటే ముందుగా, పేజీలో వచనాల పక్కనే రిఫరెన్సులున్న మంచి తెలుగు బైబిలు కొనండి. కరెంటు పోయినా పనిచేస్తుంది. దాని తర్వాతే మెక్‌డొనాల్డ్. సండే స్కూల్ టీచర్లకైతే ఇవేవీ అక్కర్లేదు, బైబిల్ ప్రాజెక్ట్ వాళ్ల తెలుగు వీడియోలు చాలు. ఒక్కో పుస్తకం సారాంశం కొద్ది నిమిషాల్లో బొమ్మలతో వస్తుంది. మా యౌవనస్తుల కూటంలో యోబు గ్రంథం వీడియో వేస్తే, అయ్యాక ప్రశ్నలు అడిగినవాళ్లు ప్రసంగాలప్పుడు నిద్రపోయేవాళ్లే.