పదకొండేళ్లుగా కడుతున్న బండారులంక నూలు చీర

2014లో అమలాపురం పక్కనే ఉన్న బండారులంక వెళ్లి, నేసినవాళ్ల ఇంట్లోనే కొన్నాను. చిలకాకుపచ్చ చీర, మెరూన్ అంచు. అప్పటి ధర 1,200 రూపాయలు.

మొదటి నెల అస్సలు నచ్చలేదు. గంజి బిగువుకి అట్టలా నిలబడేది, కుచ్చిళ్లు చెప్పిన మాట వినేవి కావు. కళ్లుప్పు నీళ్లలో నానబెట్టి విడిగా ఉతికితే మెరూన్ కాస్త దిగింది, తర్వాత ఆగిపోయింది. ఐదారు ఉతుకులయ్యాక ఒంటికి అలవాటైంది.

నేను టీచర్ని. చాలాకాలం కోటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఎక్కి, ముక్తేశ్వరం వైపు దిగి బడికి వెళ్లేదాన్ని. మే నెలలో మన కోనసీమ ఉక్కపోత తెలిసిందే. సింథటిక్ చీరైతే వీపుకి అంటుకుపోతుంది. ఇది చెమట పీల్చుకుంటుంది, గోదారి గాలి తగిలిందంటే ఆ తడే చల్లగా ఉంటుంది. ఎండ మండితే కొంగు తలమీదికి లాక్కునేదాన్ని.

ఈలోగా ఇద్దరు పిల్లలు పుట్టారు. చుడీదార్లన్నీ బిగుతైపోయి ఎవరెవరికో ఇచ్చేశాను. జాకెట్టు నాలుగుసార్లు కుట్టించాను, చీర మాత్రం అదే. లావైతే ఒక కుచ్చిళ్ల మడత తగ్గుతుంది, చిక్కితే ఒకటి పెరుగుతుంది, అంతే. ఆడవాళ్ల ఒళ్లు ఎన్ని మారినా చీర వదిలిపోకపోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే. చంటిదానికి పాలిచ్చేటప్పుడు ఈ పైటే చాటు, నిద్రపుచ్చేటప్పుడు ఇదే దుప్పటి.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒకసారి గంజి పెట్టిన చీరని వర్షాకాలమంతా బీరువాలో ఉంచేశాను. తీసి చూస్తే రెండుచోట్ల పురుగు కొట్టింది. ఇప్పుడు గంజి లేకుండా దాచి, రెండు నెలలకోసారి మడతలు మారుస్తున్నాను. ఫాల్ ఆలస్యంగా కుట్టించడంతో పాదాల దగ్గర అంచు అరిగింది. కొనగానే కుట్టించుకోండి.

ఇంకో మాట. ఒక షాపులో చేనేత అని చెప్పి నాకు మిషను చీర అంటగట్టారు. అప్పటినుంచి అంచు వెలుతురుకి పట్టి చూస్తున్నాను. మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా రెండు పక్కలా సూదులతో లాగి పట్టి ఉంచుతారు, ఆ సన్నటి రంధ్రాలు చాలా చేనేత చీరల అంచుల వెంట కనిపిస్తాయి.

పెళ్లిళ్లకి ఉప్పాడ జాందానీ ఒకటుంది. 2009లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన నేత. వెనక తిప్పి చూసినా దారాలు వేలాడవు, పువ్వు రెండువైపులా పువ్వులాగే ఉంటుంది. తేలిగ్గా ఉంటుంది, కానీ ఇంట్లో ఉతకడానికి ధైర్యం చాలదు. ఏడాదికి రెండుసార్లు కడితే ఎక్కువ.

నూలు చీర ఇప్పుడు మడత దగ్గర వేళ్లు కనిపించేంత పల్చబడింది. ఇచ్చేయవే, బొంత కుడతానంటోంది అమ్మ. ఈ వేసవి కూడా కట్టాక ఇస్తానన్నాను.